ల్యాప్‌టాప్ అడుగున బావ కొట్టిన నంబరు

ఆ రోజుల్లో మా గోదావరిఖనిలో ఒక వస్తువు కొనడం సగం పని, దానికి తొడుగు కుట్టించడం మిగతా సగం. టీవీకి పూల గుడ్డ, మిక్సీకి అక్క పాత లంగా ముక్క, రిమోటుకు పాలిథిన్ కవరు, ఆ కవరు జారకుండా రబ్బరు బ్యాండు. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాసుకోవచ్చు, అంత బొగ్గు దుమ్ము. తెల్ల చీర కట్టుకుని బజారుకు వెళ్ళిన మా అక్క బూడిద రంగు చీరతో తిరిగి వచ్చేది. (ముందే ఆ రంగుది కొనుక్కుంటే అయిపోయేది కదా అని మా బావ ఒకసారి అన్నాడు. ఆ వారమంతా మాకు చారు మాత్రమే దొరికింది.) ఇప్పుడు నేనుండే ఊళ్ళోనూ దుమ్ము ఉంది, కానీ అది ఇసుక దుమ్ము, దులిపితే పోతుంది. మా దుమ్ము అట్లా కాదు, ఎన్నిసార్లు దులిపినా ఇది మా ఇల్లే అన్నట్టు మళ్ళీ వచ్చి కూర్చునేది. శుభ్రమైన ఇంట్లో కూర్చుని దుమ్ము కోసం బెంగపెట్టుకునే మనిషిని మీరు ఎప్పుడూ చూడకపోతే, నన్ను చూడండి.

డిప్లొమా చదువుకోవడానికి అక్కాబావల ఇంటికి వచ్చి, చదువు అయిపోయాక కూడా కదలకుండా అక్కడే పాతుకుపోయిన చెల్లెలిని నేను. రెండు గదుల బొగ్గు కంపెనీ క్వార్టరు. ముందు గదిలో నా మంచం, మంచం కింద అక్క బియ్యం డబ్బాలు. నేల పైనుంచి తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గనిలో ఒక కాంట్రాక్టరు దగ్గర కంప్యూటరు మీద డ్రాయింగులు గీసేదాన్ని. అట్లా గీస్తూ గీస్తూ మస్కట్‌లో ఒక డిజైను ఆఫీసుకు ఎంపికైపోయాను. వాళ్ళు పెట్టిన షరతు ఒకటే. మొదటి ఆరు నెలలు ఎవరి ల్యాప్‌టాప్ వాళ్ళే తెచ్చుకోవాలి, అది ఆగి పని ఆగితే ఉద్యోగమూ ఆగుతుంది. అంటే నా బతుకంతా ఆ డబ్బా మీద పడిందన్నమాట. చౌరస్తా దగ్గర చష్మా భాయ్ దుకాణంలో కొన్నాను. (ఆయన అసలు పేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, వాటి కోసమే దుకాణమంతా వెతికేవాడు.)

చష్మా భాయ్ డబ్బా నా చేతికి ఇవ్వబోయి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "ఒక్క మాట ఇను బేటా. ఈ వారంటీ ఇండియా వారంటీ. దీన్ని పట్టుకొని విమానం ఎక్కినవంటే అక్కడ దీని దిక్కు ఎవ్వడు చూడడు. పోకముందే కంపెనీకి అర్జీ పెట్టి దేశం మార్పియ్యాలె. బిల్లు పంపాలె, అడుగు ఫోటో పంపాలె. స్టిక్కర్ మీద నంబర్ సాఫ్‌గ కనవడాలె, స్క్రూలు ముట్టొద్దు, గీత గిట్ల ఉండొద్దు. జర్రంత డ్యామేజ్ కనవడ్డా ఖతం."

"ఒకవేళ ఖతమై, అక్కడికి పోయినంక ఖరాబైతే ఎట్ల భాయ్?"

ఆయన కళ్ళద్దాల కోసం కాసేపు వెతికి, నుదుటి మీద దొరికాక అన్నాడు: "ఖరాబు చెయ్యకు."

అయితే ఆ అర్జీ వెంటనే పెట్టడానికి లేదు. అక్కడి చిరునామా కావాలి, చిరునామా కావాలంటే వీసా రావాలి. వీసా వచ్చేదాకా ఆ ల్యాప్‌టాప్ అడుగును పుట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే కాపాడడం నా పని అయింది. ఆ కాపాడడం చూసిన వాళ్ళకు నా మీద జాలి వేసి ఉంటుంది. రెండు తొడుగులు కుట్టించాను, మొదటి తొడుగు మాయకుండా రెండోది. కొత్త వస్తువుకు బొట్టు పెట్టకుండా ఇంట్లో ఉంచేది లేదని అక్క పసుపు గిన్నె పట్టుకుని వెంటపడితే, బతిమాలి అట్టపెట్టెకు పెట్టించాను. ఆ ఖాళీ పెట్టెకే హారతి, ఆ ఖాళీ పెట్టె ముందే కొబ్బరికాయ. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు పెట్టేవాళ్ళు. పెట్టగానే క్వార్టర్లన్నీ ఒకసారి ఉలిక్కిపడేవి, అల్మారాలో గిన్నెలు గలగలలాడేవి. సెలవు రోజుల్లో ఆ వేళకు నేను మంచం మీద బాసింపట్టు వేసుకుని, ల్యాప్‌టాప్‌ను ఒడిలో పెట్టుకుని, రెండు చేతులూ వేసి కూర్చునేదాన్ని. "దానికి జోల గూడ పాడు," అనేది అక్క వంటింట్లోంచి.

బావ మాత్రం ఏమీ అనేవాడు కాదు. నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు నుంచీ ఆయన మాటలు తగ్గిపోయాయి. మొదటి నుంచీ పెద్ద మాటకారి కాదు కానీ, అన్నం తినేటప్పుడు నన్నొక్క మాటైనా ఆటపట్టించందే ముద్ద దిగని మనిషి. ఇప్పుడు తలొంచుకుని తిని, చెయ్యి కడుక్కుని, డ్యూటీకి వెళ్ళిపోయేవాడు. ఆయన డ్యూటీ ల్యాంప్‌రూంలో. మా వైపు భూమి లోపలి గనిని బాయి అంటారు. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దిగేముందు ల్యాంప్‌రూం కిటికీలో బిళ్ళ ఇచ్చి, అదే నంబరున్న తలదీపం తీసుకుంటారు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటారు. బోర్డు మీద బిళ్ళ వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. బిళ్ళ మిగిలితే బావ ఇంటికి వచ్చేవాడు కాదు, షిఫ్టు మారినా సరే. ఒకసారి ఒకతను పైకి వచ్చి, దీపం ఇవ్వడం మరిచి, నెత్తి మీద దీపంతోనే కమాన్‌పూర్‌లో పెళ్ళికి పోయి పప్పన్నం తింటుంటే, ఇక్కడ బావ కిటికీ దగ్గర కూర్చుని మరునాటి షిఫ్టు దాకా లేవలేదు. అతను తిరిగి వచ్చాక బావ తిట్టలేదు కూడా. బిళ్ళ చేతిలో పెట్టి, "ఇగ ఇంటికి పోత," అన్నాడట.

ఈ పనిలో ముప్పావు జీవితం గడిపిన మనిషికి నంబరు లేని వస్తువును చూస్తే చెయ్యి దురద పుట్టేది. అందరిళ్ళలో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించుకుంటారు, మా ఇంట్లో నంబర్లు ఉండేవి. ఆయన దగ్గర నంబర్లు కొట్టే ఉక్కు అచ్చుల పెట్టె ఉండేది. చెంబు మీద, గరిటె మీద, కుర్చీ కాలు మీద, అన్నిటి మీద ఆయన నంబరే, ఆరువందల పదకొండు. పక్కింటి వాళ్ళు అడిగి తీసుకున్న మా బిందె మూడేళ్ళ తర్వాత ఆ నంబరు పుణ్యాన ఇంటికి వచ్చింది. (మేము అడిగి తెచ్చుకున్న వాళ్ళ గ్యాస్ సిలిండరు కూడా బావ దాని మీద కొట్టిన ఆ నంబరు పుణ్యానే మా ఇంట్లో ఉండిపోబోయింది. అక్క పరువు పోతుందని పంపించేసింది.)

చివరికి వీసా వచ్చింది. మరునాడు అర్జీ పెడదామనుకుని, ఆ రోజు కమాన్‌పూర్‌లో పెద్దమ్మకు చెప్పి రావడానికి షేర్ ఆటోలో వెళ్ళాను. సాయంత్రం తిరిగి వచ్చేసరికి అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపల నేల మీద నాలుగు మడతలు వేసిన బొంత, బొంత మీద రెండు తొడుగులూ విప్పేసి బోర్లా పడుకోబెట్టిన నా ల్యాప్‌టాప్. దాని పక్కన సుత్తి, అచ్చుల పెట్టె. బావ తడిగుడ్డతో దాని అడుగు తుడుస్తున్నాడు, ఇత్తడి దీపం తుడిచినంత ఓపిగ్గా. స్టిక్కరు పక్కన, నున్నటి నల్ల ప్లాస్టిక్ మీద, లోతుగా మూడు అంకెలు. ఆరు, ఒకటి, రెండు. చివరనున్న రెండు అంకె తోక స్టిక్కరు అంచును కొరికింది.

"నీ నంబరే పిల్లా. నా ఎనకదే," అన్నాడు బావ. "మెల్లగ కొట్టిన, లోపల ఏం కాలే. ఆన్ జేసి సూడు, దీపం ఎలుగుతంది."

నిజమే, వెలిగింది. నేనే ఆరిపోయాను. ఏడ్చాను, అరిచాను, ఆ ఊరి దుమ్మునూ బ్లాస్టింగునూ అక్క బియ్యం డబ్బాలనూ కలిపి తిట్టాను. కోపంలో అనకూడని మాట కూడా అనేశాను. "నేను పోవుడు నీకిష్టం లేదు బావా. అందుకే గిట్ల చేసినవ్."

బావ తుడవడం ఆపాడు. "పోవద్దంటే నంబరెందుకు కొడ్త పిల్లా," అన్నాడు. "పోయేటోళ్ళకే గద నంబరు."

ఆ మాట అప్పుడు నా చెవికి ఎక్కలేదు. ల్యాప్‌టాప్‌ను చంకలో పెట్టుకుని చష్మా భాయ్ దుకాణానికి పరుగెత్తాను. ఆయన ఆ అంకెల మీద వేలు పెట్టి చూశాడు. కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. "మా దుకాణంల ఇట్లాంటి డ్యామేజ్ నేను సూడలే," అన్నాడు, కొంచెం గౌరవంగానే. అయినా ప్రయత్నం చేద్దామన్నాడు. ఇక ఆ రాత్రి, మరునాడు ఆ అడుగుకు జరిగిన అలంకారం పెళ్ళికూతురికి కూడా జరగదు. అక్క కాటుక తెచ్చి అంకెల గుంటల్లో నింపింది. కాటుక నిగనిగలాడి, అంకెలు వీధి చివరి నుంచి కూడా కనబడేట్టు తయారయ్యాయి. బూటు పాలిష్ రాస్తే అక్కడ మాత్రమే కొత్తగా మెరిసి, మిగతా అడుగంతా పాతదైపోయింది. కాటుక కడిగి, పాలిష్ తుడిచి, కిటికీ పక్కన, మంచం మీద, గోడకు ఆనించి, ఎన్ని రకాలుగా ఫోటో తీసినా ఆరువందల పన్నెండు నవ్వుతూనే వచ్చింది. ఆఖరికి ఉన్నది ఉన్నట్టు పంపించాను.

రెండు రోజులకు ల్యాప్‌టాప్ కంపెనీ నుంచి ఫోను. చిన్న గొంతు, మర్యాద గల అమ్మాయి. ముగ్గురమూ వినాలని ఫోను స్పీకరులో పెట్టి బియ్యం డబ్బా మీద ఉంచాను.

"మేడమ్, ఫోటోలో అడుగున ఒక నంబర్ కనిపిస్తోంది. అదేమిటి మేడమ్? అది మేం వేసింది కాదు."

"మా బావ నంబరండీ. అంటే నా నంబరే. మా బావ కొట్టాడు."

అవతల ఆ అమ్మాయి ఏదో టైపు చేసుకుంటున్న చప్పుడు. ఆ సందులో బావ ముందుకు వంగి, ఫోనుకు కాక డబ్బాకు చెబుతున్నట్టు మొదలుపెట్టాడు. బాయి గురించి, బిళ్ళల గురించి, బోర్డు గురించి, నెత్తి మీద దీపంతో పెళ్ళికి పోయినతని గురించి, అన్నీ చెప్పాడు. నాకు ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో మాట్లాడని మాటలన్నీ ఆ ముక్కూ ముఖం తెలియని పిల్లకు చెప్పేశాడు. ఆ అమ్మాయి మధ్యలో ఆపలేదు.

"అందరూ పైకి వస్తారా సార్?" అని మాత్రం అడిగింది చివర్లో.

"వస్తరు బిడ్డా. వచ్చేదాంక నేను కిటికీ మూయ."

ఆ తర్వాత ఆమె గొంతు సవరించుకుని మళ్ళీ కంపెనీ గొంతులోకి వెళ్ళిపోయింది. అడుగున మార్పు జరిగింది కాబట్టి దేశం మార్చడం కుదరదు. లోపలి భాగాలకు ఏమీ కాలేదు కాబట్టి ఇండియాలో మాత్రం వారంటీ చెల్లుతుంది. ఏదైనా పాడైతే తీసుకొచ్చి ఇక్కడి దుకాణంలోనే ఇవ్వాలి. అంతే సార్, సారీ సార్, అని పెట్టేసింది. నేను మంచం మీద కూలబడ్డాను. బావ ముఖం చూస్తే బోనస్ పడ్డ రోజు ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"ఇన్నవా పిల్లా," అన్నాడు. "ఇక్కడ చెల్లుతదట. ఖరాబైతే ఇక్కడికే తేవాలెనట."

"సంబురపడుడు సాలు, పిల్ల ఏడుస్తంది," అంది అక్క. ఆమె కూడా ఏడుస్తోంది.

నేను బయలుదేరే రోజు వచ్చింది. రామగుండంలో రైలు అందుకోవాలి, ఆటో వీధి మొదట్లో ఆగి ఉంది. సామాను అంతా బయట పెట్టాక చూస్తే ల్యాప్‌టాప్ సంచి లేదు. బావ కూడా లేడు. లోపలి నుంచి వంటింటి కిటికీ తట్టిన చప్పుడైంది. చూస్తే బావ కిటికీ ఊచల వెనక నిలబడి ఉన్నాడు, డ్యూటీ చొక్కా తొడుక్కుని. నన్ను బయటి నుంచి కిటికీ దగ్గరికి రమ్మన్నాడు. ముందురోజు నా చేతిలో ఒక ఇత్తడి బిళ్ళ పెట్టి, పోయేటప్పుడు అడుగుతానని, పారేయొద్దని చెప్పి ఉన్నాడు. గుండ్రంగా, అంచులు నున్నగా రుద్ది, పైన చిన్న బెజ్జంతో, మధ్యలో అదే ఆరువందల పన్నెండు. (అక్క ఇత్తడి చెంబు మూత ఎటు పోయిందో ఆ ఇంట్లో ఆమెకు తప్ప అందరికీ తెలుసు.)

"బిళ్ళ," అన్నాడు.

నవ్వొచ్చింది, వాడలో నలుగురు చూస్తున్నారని సిగ్గూ వేసింది. బిళ్ళ ఇచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కిటికీ పక్కన కొత్తగా కొట్టిన మేకుకు తగిలించాడు. అప్పుడు ఊచల కింది సందులోంచి ల్యాప్‌టాప్‌ను అడ్డంగా నెట్టాడు. దాని అడుగు ఒకసారి చేత్తో తడిమి, నంబరు సరిచూసుకుని మరీ నెట్టాడు. జాగ్రత్త అని గాని, ఫోను చెయ్యమని గాని అనలేదు. ల్యాంప్‌రూం కిటికీలో ఎవరితోనూ అట్లా అనరట. వెనక ఇంకా మంది ఉంటారు కదా అని తర్వాత అక్కతో అన్నాడట. ఆ రోజు నా వెనక ఎవరూ లేరు. అయినా నేను జరిగాను.

మస్కట్‌లో ఆ ల్యాప్‌టాప్‌ను వాడినట్టు ఎవరూ ఏ వస్తువునూ వాడి ఉండరు. వారంటీ లేదన్న భయం. పక్కన టీ కప్పు పెట్టేదాన్ని కాదు, తుమ్ము వస్తే లేచి దూరంగా వెళ్ళి తుమ్మేదాన్ని. ఆరు నెలలూ అది ఒక్క రోజు మొరాయించలేదు, ఉద్యోగం నిలబడింది, ఆఫీసు వాళ్ళు వేరే యంత్రం ఇచ్చారు. ఇక నా పని అయిపోయిందనుకుందో ఏమో, ఆ తర్వాత ఒక శుక్రవారం నల్లబడి ఊరుకుంది. అక్కడి సర్వీసు సెంటరులో కుర్రాడు దాన్ని బోర్లా తిప్పి, అంకెలు చూసి, తిరిగి నా వైపు నెట్టేశాడు. నాకు కోపం రాలేదు. వింతగా ఉంటుంది చెబితే, కొంచెం సంతోషం వేసింది. ఊరికి వెళ్ళడానికి ఒక కారణం దొరికింది, అదీ కంపెనీ వాళ్ళు ఫోనులో చెప్పిన కారణం. వెంటనే సెలవు అడిగాను. సెలవు మంజూరయ్యేలోపు ఇండియా వారంటీ గడువు కూడా దాటిపోయింది.

చష్మా భాయ్ దాన్ని విప్పి చూసి, లోపల బోర్డు పోయిందని, ఇక లేవదని చెప్పాడు. నంబరు వల్ల కాదని కూడా చెప్పాడు, నేను అడగకుండానే. దాన్ని ఇంటికి తెచ్చేసరికి బావ కిటికీ వెనక తయారు. ల్యాప్‌టాప్ తీసుకుని, నంబరు చూసి, మేకు మీది బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు. ఆ సెలవు అన్ని రోజులూ ఆ బిళ్ళను దారానికి కట్టుకుని మెళ్ళో వేసుకుని తిరిగాను. బజారులో, చౌరస్తాలో, పెద్దమ్మ ఇంట్లో, బొగ్గు దుమ్ములో. తిరిగి వెళ్ళే రోజు బావ కిటికీలోంచి మళ్ళీ చెయ్యి చాపాడు. బిళ్ళ ఇచ్చాను. ఆ చచ్చిన ల్యాప్‌టాప్‌ను సందులోంచి నెట్టాడు.

"ఇదెందుకు బావా, పనిచెయ్యది గద. ఇక్కడనే ఉండనియ్."

"ఇక్కడుంటే బిళ్ళ నీకియ్యాలె. బిళ్ళ నీ తాన ఉంటే నువ్వు పైకొచ్చినట్టు లెక్క," అన్నాడు. "మల్ల ఎట్ల పోతవ్?"

దాన్ని సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. అప్పటి నుంచి పోయిన ప్రతిసారీ, వచ్చిన ప్రతిసారీ దాన్ని మోస్తూనే ఉన్నాను. విమానాశ్రయంలో తనిఖీ వాళ్ళు దాన్ని ఆన్ చేసి చూపించమంటారు. అవదంటాను. పనిచేయనిది ఎందుకు మోస్తున్నావంటారు. మా బావకు లెక్క తప్పుతుందంటాను. ఇంతవరకూ ఏ దేశపు తనిఖీ అధికారికీ ఆ మాట అర్థం కాలేదు, కానీ అందరూ వదిలేశారు. బావ పనిచేసిన బాయి మూతబడింది, ల్యాంప్‌రూం కిటికీ అటూ ఇటూ ఎవరూ లేరు. రిటైరయ్యి క్వార్టరు ఖాళీ చేసినప్పుడు ఆయన గోడలోంచి ఆ మేకు పీకి జేబులో వేసుకున్నాడట. కమాన్‌పూర్‌లో కట్టుకున్న ఇంట్లో దేవుడి పటం కన్నా ముందు, కిటికీ పక్కన దాన్ని కొట్టాడట. అక్క ఇప్పటికీ ఆ సంగతి ఎత్తి తిడుతుంది. పొద్దున లేచి పళ్ళు తోముకునే ముందు మేకు వైపు ఒకసారి చూస్తాడనీ, బిళ్ళ ఉంటే ఆ రోజు ఊరు దాటి ఎక్కడికీ పోడనీ చెబుతుంది. నేను వచ్చి వెళ్ళే ఆ కొద్ది రోజుల్లోనే వాళ్ళు ఎక్కడికైనా తీర్థానికి పోవాలట.

ఇది రాస్తున్న ల్యాప్‌టాప్ కొత్తది. దీని వారంటీ ఏ దేశంలోనైనా చెల్లుతుంది, అర్జీ పెట్టక్కర్లేదు, ఫోటో పంపక్కర్లేదు. కొన్న రోజు ఎందుకో బోర్లా తిప్పి చూశాను. నున్నగా, ఒక్క గీత లేకుండా, ఒకప్పుడు నేను ఏడ్చి మొత్తుకుని కాపాడాలనుకున్నట్టే ఉంది. ఎవరిదైనా కావచ్చు. పాతది అల్మారాలో బట్టల కింద ఉంది. ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని బ్లాస్టింగు కోసం కళ్ళు మూసుకుని కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటూ, దాన్ని తీసి ఆ మూడు అంకెల మీద బొటనవేలు పెట్టాను. గుంటల్లో ఇంకా కొంచెం కాటుకో, బొగ్గో, నల్లగా వేలికి అంటింది. తుడుచుకోలేదు.